తాత తొంభై ఏళ్ళు బతికాడు. మరి అప్పటి సగటు 32 ఎలా అయింది?

క్లుప్తంగా: స్వాతంత్ర్యం వచ్చేనాటికి 32 ఏళ్ళ దగ్గర ఉన్న మన సగటు ఆయుర్దాయం ఇప్పుడు 70 దగ్గర ఉంది. ఈ పెరుగుదలలో పెద్ద వాటా పసిపిల్లల చావులు తగ్గడం వల్ల వచ్చింది. అరవై దాటినవాళ్ళకు కలిసొచ్చింది నాలుగైదేళ్ళే. ఇకముందు ఆయుష్షు పెరగాలంటే నడివయసు గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాలి. నూట ఇరవై ఏళ్ళు బతికించే మందుల కోసం వెతుకులాట ఇంకా ప్రయోగశాలలోనే ఉంది. ఈలోగా ఇళ్ళల్లో తేలాల్సిన ప్రశ్నలు వేరు: ఆ చివరి పదేళ్ళు ఎలా గడుస్తాయి, ఖర్చు ఎవరు భరిస్తారు, ఆస్పత్రిలో నిర్ణయం ఎవరిది.

ఊళ్ళో ఎవరైనా యాభై అయిదేళ్ళకు గుండెపోటుతో పోతే, పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకరి నోట ఈ మాట తప్పకుండా వస్తుంది: "మా తాతలు జొన్నన్నం తిని తొంభై ఏళ్ళు బతికారు. ఇప్పుడు యాభైకే పోతున్నారు." అదే వారం పేపర్లో దేశంలో సగటు ఆయుర్దాయం పెరిగిందని వార్త వస్తుంది. చదివినవాళ్ళకు రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం అనిపిస్తుంది. నిజానికి రెండూ చాలావరకు నిజమే. అవి రెండు వేర్వేరు వయసుల గురించి చెబుతున్నాయి, అంతే.

పది మందితో ఒక లెక్క

తికమక సగటు దగ్గరే మొదలవుతుంది. ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక ఊళ్ళో పది మంది పుట్టారు. ముగ్గురు ఏడాది నిండగానే పోయారు. ఇద్దరు ముప్పయ్యో ఏట పోయారు, ఒకరు కాన్పులో, ఒకరు కలరాతో. ముగ్గురు 60 దాకా, ఇద్దరు 85 దాకా బతికారు. అందరి వయసులూ కూడితే 413, సగటు 41 ఏళ్ళు. చిత్రమేమిటంటే ఈ ఊళ్ళో 41వ ఏట చనిపోయిన మనిషి ఒక్కరూ లేరు.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. ఆ ముగ్గురు పిల్లలూ 60 దాకా బతికారనుకుందాం. మొత్తం 590 అవుతుంది, సగటు 59. అంటే ఊరి సగటు దాదాపు 18 ఏళ్ళు పెరిగింది. 85 ఏళ్ళు బతికిన ఇద్దరికి మాత్రం ఒక్కరోజు కూడా అదనంగా కలవలేదు.

దేశంలో జరిగింది కూడా స్థూలంగా ఇదే. సగటు 32 ఉన్న రోజుల్లో మనుషులు ముప్పై రెండుకు ముసలివాళ్ళయి పోలేదు. పసితనంలో, కాన్పుల్లో, అంటురోగాల్లో చాలామంది పోయారు. బతికి బట్టకట్టినవాళ్ళలో కొందరు ఎనభై, తొంభై చూశారు. మనవలకు గుర్తున్నది ఆ కొందరే. ఏడాది లోపు పోయిన మేనత్తకు ఫొటో ఉండదు, చాలాసార్లు పేరు కూడా ఉండదు.

ఆ చావుల ఆనవాళ్ళు మాత్రం పాత ఓటరు జాబితాల్లో కనబడతాయి. వరుసగా పిల్లలు పోయిన ఇంట్లో ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. విన్నవాళ్ళకు రోత పుట్టే పేరైతే మృత్యువు కూడా పట్టించుకోదని ఆశ. నేటి బడి హాజరుపట్టీల్లో ఆ పేర్లు దాదాపు కనుమరుగయ్యాయి.

సగటు గురించి ఇంకో సంగతి కూడా ఉంది. "సగటు ఆయుర్దాయం 70" అన్నది జోస్యం కాదు. ఈ ఏడాది ఏ వయసులో వెయ్యికి ఎంతమంది చనిపోయారో ఆ రేట్లు తీసుకుంటారు. ఈరోజు పుట్టిన బిడ్డ జీవితాంతం సరిగ్గా ఇవే రేట్ల మధ్య బతికితే సగటున ఎన్నాళ్ళుంటుందని లెక్క కడతారు. రేపు మంచి మందు వచ్చినా, మహమ్మారి వచ్చినా ఈ లెక్కకు తెలియదు. కోవిడ్ సమయంలో భారత్ ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా పడిపోయిందని ఐక్యరాజ్యసమితి అంచనా. జనన, మరణాలను నమూనా సర్వేతో లెక్కించే మన ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (ఎస్‌ఆర్‌ఎస్) మాత్రం అయిదేళ్ళ సగటు చూపిస్తుంది కాబట్టి అక్కడ 70.0 నుంచి 69.8కి మాత్రమే తగ్గినట్టు కనబడింది. ఒకే సంఘటనకు రెండు పద్ధతుల్లో ఇంత తేడా రావడం చూస్తే, పేపర్లో వచ్చే అంకె వెనక ఎన్నేళ్ళ సగటు ఉందో చూసుకోకుండా కంగారు పడనక్కర్లేదని అర్థమవుతుంది.

పిల్లలు బతకడం ఎలా మొదలైంది

ఇరవయ్యో శతాబ్దంలో అతి తక్కువ ఆయుర్దాయం నమోదైన దశాబ్దం 1911-21. అప్పటి అంచనా ఇరవై ఏళ్ళ దరిదాపుల్లోనే ఉంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఒక్కటే మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ప్లేగు, మశూచి, కలరా, మలేరియా ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గాయి. మశూచి చివరి కేసు 1975లో వచ్చింది. 1977లో దేశాన్ని మశూచి లేనిదిగా ప్రకటించారు. 1971లో వెయ్యి మంది పిల్లలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28.

ఈ విజయం వెనక పెద్ద ఆస్పత్రుల కన్నా చవకైన పనులే ఎక్కువ: టీకాలు, మంచినీళ్ళు, దోమల నియంత్రణ, ఆస్పత్రి కాన్పులు, ఆడపిల్లల చదువు. వాంతులు, విరేచనాలతో పిల్లలు పోకుండా ఆపింది ఉప్పు, పంచదార కొలతగా కలిపిన నీళ్ళు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఆ ద్రావణాన్ని నోటిద్వారా ఇప్పించి, మరణాలు భారీగా తగ్గినట్టు చూపించారు. అదే ఇప్పుడు ప్రతి మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్.

యాంటీబయాటిక్స్ కథలో తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ అక్కడి నుంచే వచ్చింది. బోదకాలుకు ఇప్పటికీ ఊరూరా పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. కోట్ల మందికి ఏళ్ళు కలిపిన ఆయన 1948లో, 53 ఏళ్ళకే చనిపోయారు.

అరవై దాటినవాళ్ళ లెక్క వేరు

అసలు విషయం ఇక్కడుంది. ఎస్‌ఆర్‌ఎస్ ప్రకారం 1970-75లో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 49.7 ఏళ్ళు. 2016-20 నాటికి అది 70.0. అంటే ఇరవై ఏళ్ళు పెరిగింది. అదే 60వ ఏట ఉన్న మనిషికి ఇంకా మిగిలిన ఏళ్ళు అప్పట్లో సుమారు 14. ఇప్పుడు సుమారు 18. పెరిగింది నాలుగేళ్ళే.

రెండు వరుసలూ పక్కపక్కన పెడితే తాతల వాదం ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. అప్పుడు కూడా అరవై దాటిన మనిషి సగటున డెబ్బై నాలుగు దాకా ఉండేవాడు. ఎనభై, తొంభై దాటినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ముసలితనపు గరిష్ఠ వయసు పెద్దగా మారలేదు. అక్కడికి చేరుకునే జనం మాత్రం ఎన్నో రెట్లు పెరిగారు.

ఈ లెక్క అర్థం కాకపోతే జరిగే నష్టం పాతకాలపు కబుర్లకే పరిమితం కాదు. అరవై ఏళ్ళకు రిటైరైన మనిషి "సగటు ఆయుష్షు డెబ్బయ్యేగా, ఇంకో పదేళ్ళు" అనుకుని పీఎఫ్ డబ్బు పిల్లల పెళ్ళికి, ఇంటి పై అంతస్తుకు పెట్టేస్తాడు. ఆ డెబ్బైలో పసిపిల్లల చావులు, యువకుల బైకు ప్రమాదాలు కూడా కలిసి ఉన్నాయి. అవన్నీ ఆయన ఇప్పటికే దాటేశాడు. ఆయనకు వర్తించే అంకె 78. అది కూడా సగటే కాబట్టి, చాలామంది ఎనభై అయిదు, తొంభై చూస్తారు. భార్య వయసులో నాలుగైదేళ్ళు చిన్నదై, ఆడవాళ్ళ ఆయుష్షు కొంచెం ఎక్కువ కావడం వల్ల, కుటుంబం మొత్తానికి పాతికేళ్ళ ప్రణాళిక కావాలి. అందులో చివరి భాగం ఆమె ఒంటరిగా గడిపే కాలం. మన దగ్గర రిటైర్మెంట్ ప్లానింగ్ మాటల్లో ఈ భాగం దాదాపు ఎప్పుడూ రాదు.

వెయ్యి పున్నములు చూసినవాళ్ళకు చేసే సహస్ర చంద్ర దర్శనం ఎనభై ఒకటో ఏట వస్తుంది. అరవయ్యో ఏట చేసే షష్టిపూర్తి ఇప్పుడు ఎక్కువమంది దాటి వెళ్ళే మజిలీ. ఎనభై ఒకటి కూడా మధ్యతరగతి ఇళ్ళల్లో అంత అరుదేమీ కాదు.

మరి "యాభైకే పోతున్నారు" అన్న మాట?

ఇందులోనూ నిజముంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్ళకు వస్తే, మిగతా దేశాల వాళ్ళకు సుమారు 59 ఏళ్ళకు వచ్చినట్టు తేలింది. ఆరేళ్ళ తేడా చిన్నది కాదు. 53 అంటే పిల్లలు ఇంకా చదువుకుంటున్న వయసు, ఇంటి లోను తీరని వయసు. అలాంటి చావు ఊరంతా గుర్తుంటుంది. ఎనభై రెండేళ్ళ చావు పదకొండో రోజుతో ముగిసిపోతుంది.

అయితే ఆ అధ్యయనమే ఇంకో మాట కూడా చెప్పింది. గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం తొమ్మిది మామూలు కారణాలతో వివరించవచ్చు: పొగాకు, కొలెస్ట్రాల్ తేడాలు, బీపీ, షుగరు, బొజ్జ, మానసిక ఒత్తిడి, కూరగాయలు పళ్ళు తక్కువ తినడం, కదలిక లేకపోవడం, మద్యం విషయంలో అలవాట్లు. మనవాళ్ళకు త్వరగా రావడానికి జన్యువుల పాత్ర కొంత ఉన్నా, ఈ కారణాలు చిన్న వయసులోనే పోగుపడటం ప్రధానమని పరిశోధకులు తేల్చారు. ఐసీఎంఆర్ 2023లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం భారత్‌లో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్ళు 13.6 కోట్లు.

జొన్నన్నం విషయానికొస్తే, తాతల తరానికి మేలు చేసింది గింజ ఒక్కటే అనుకోవడం కష్టం. పొద్దస్తమానం పొలంలో ఒళ్ళు వంచిన పని ఉంది, తిన్నది అరిగిపోయేంత నడక ఉంది. ఇంకో కోణం కూడా చూడాలి. బీపీ కొలిచే మిషను, షుగరు పరీక్ష ఊళ్ళకు రాని రోజుల్లో "చిక్కి శల్యమై పోయాడు", "నిద్రలోనే పోయాడు" అనే మాటలతో ఎన్ని షుగర్లు, ఎన్ని గుండెపోట్లు ముగిశాయో లెక్క లేదు. కారణం తెలియని చావులను ఆరోగ్యంగా పోయినట్టు గుర్తుపెట్టుకోవడం సహజం.

నడివయసు చావులు తగ్గించే మార్గం అంత ఖరీదైనది కాకపోవడం ఇందులో ఊరట. 2017లో మొదలైన జాతీయ హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. దాని పద్ధతి చాలా సాదా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకే రకం మాత్రలు, ఒకే క్రమం, ప్రతి రోగికి ఒక కార్డు, నెల మాత్రలు తీసుకోవడానికి రానివాళ్ళకు ఫోను. బీపీ విషయంలో అసలు ఇబ్బంది మందు కనిపెట్టడంలో లేదు. నొప్పి లేని జబ్బుకు రోజూ మాత్ర వేసుకునేలా చెయ్యడంలో ఉంది. తలనొప్పి తగ్గిందని మాత్ర మానేసినవాళ్ళే పక్షవాతం వార్డుల్లో ఎక్కువ కనబడతారని ఏ జిల్లా ఆస్పత్రి డాక్టరైనా చెబుతాడు.

నూరేళ్ళు దాటడం ఎందుకంత కష్టం

1825లో లండన్‌లో బీమా లెక్కలు కట్టే బెంజమిన్ గోంపెర్ట్జ్ ఒక సూత్రం గమనించాడు. పెద్దవాళ్ళలో చనిపోయే ముప్పు వయసుతోపాటు చక్రవడ్డీలా పెరుగుతుంది. నేటి గణాంకాల్లో అది సుమారు ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపు అవుతుంది. ముప్పై నుంచి డెబ్బై దాకా అయిదు రెట్టింపులు వస్తాయి, అంటే ముప్పు 32 రెట్లు. తొంభైలు దాటాక ఏటా బతికి బయటపడేవాళ్ళు వేగంగా తగ్గిపోతారు.

దీనివల్ల వచ్చే పర్యవసానం చాలామందికి మింగుడుపడదు. అమెరికా జనాభా మీద వేసిన లెక్కల్లో, క్యాన్సర్ అనేదే పూర్తిగా మాయమైనా సగటు ఆయుష్షు మూడేళ్ళ దరిదాపులో మాత్రమే పెరుగుతుందని తేలింది. కారణం సులభమే. క్యాన్సర్ నుంచి తప్పించుకున్న డెబ్బై అయిదేళ్ళ మనిషికి గుండె, మెదడు, మూత్రపిండాలు కూడా డెబ్బై అయిదేళ్ళవే. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తెరిచే ఉంటుంది. పిల్లల్లో ఒక జబ్బును ఆపితే అరవై ఏళ్ళు కలుస్తాయి. ముసలివాళ్ళలో ఆపితే కొన్నేళ్ళే కలుస్తాయి. అందుకే 2024లో అమెరికా పరిశోధకుడు జే ఒల్షాన్‌స్కీ బృందం, ఎక్కువ ఆయుష్షు ఉన్న దేశాల్లో 1990 తర్వాత పెరుగుదల మందగించిందని చూపింది. వృద్ధాప్యాన్నే నెమ్మదింపజేసే మార్గం దొరికితే తప్ప, ఈ శతాబ్దంలో నూరేళ్ళు చేరేవాళ్ళు ఆడవాళ్ళలో 15 శాతం, మగవాళ్ళలో 5 శాతం దాటే అవకాశం తక్కువని ఆ బృందం అంచనా.

ముసలితనాన్నే నెమ్మదింపజేసే మందుల కోసం వెతుకులాట నిజంగానే జరుగుతోంది. 1935లోనే, తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయని తేలింది. 2009లో రాపమైసిన్ అనే మందు ముసలి చిట్టెలుకల ఆయుష్షు కూడా పెంచింది. కోతుల దగ్గరకు వచ్చేసరికి ఫలితం స్పష్టంగా రాలేదు. అమెరికాలో రెండు కేంద్రాలు తిండి తగ్గించి చూస్తే, ఒకచోట ఆయుష్షు పెరిగింది, రెండోచోట పెరగలేదు. ఏ మందూ మనిషి గరిష్ఠ ఆయుష్షు పెంచినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడే దీర్ఘాయుష్షు క్యాప్సూళ్ళ గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు.

నూరేళ్ళు దాటిన మనుషుల కథలను కూడా కొంచెం ఆగి నమ్మాలి. 2010లో టోక్యోలో 111 ఏళ్ళ వృద్ధుడిగా రికార్డుల్లో ఉన్న వ్యక్తిని సన్మానించడానికి అధికారులు వెళితే, ఆయన మూడు దశాబ్దాల క్రితమే ఆ ఇంట్లో చనిపోయి ఉన్నాడు. పింఛను మాత్రం వస్తూనే ఉంది. తర్వాత చేసిన తనిఖీలో నూరేళ్ళు దాటినట్టు కుటుంబ రిజిస్టర్లలో ఉండి, ఆచూకీ లేనివాళ్ళు 2.3 లక్షల మందికి పైగా తేలారు. ఎక్కువమంది యుద్ధంలోనో వలసల్లోనో పోయి, పేర్లు కొట్టెయ్యనివాళ్ళు. జనన, మరణ రికార్డులకు పేరుపడ్డ జపాన్‌లోనే ఇలా ఉంటే, మన దగ్గర జనన, మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టినవాళ్ళలో చాలామందికి బడిలో మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజు. బడికి వెళ్ళనివాళ్ళకు ఫలానా గోదావరి వరద, ఫలానా కరువు గుర్తు. అందుకే జనగణనలో వయసులు సున్నాతో, అయిదుతో ముగిసేచోట గుట్టలు పడతాయి.

పక్కాగా రుజువైన వాటిలో అతి పెద్ద వయసు ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కాల్మాన్ అనే మహిళది. 1875లో పుట్టి 1997లో చనిపోయింది, 122 ఏళ్ళ 164 రోజులకు. ఆ రికార్డును ఇప్పటివరకు ఎవరూ దాటలేదు.

మంచాన పడ్డ ఏళ్ళు

"అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని గుళ్ళో కోరుకునేవాళ్ళు మనలో ఎందరో. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, ఒకరి మీద ఆధారపడకూడదు అన్నది అందులోని కోరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే ఒక అంకెగా కొలుస్తుంది. 2019 అంచనాల్లో భారత్ సగటు ఆయుర్దాయం 70.8 ఏళ్ళు. అందులో ఆరోగ్యంగా గడిచేవి 60.3 ఏళ్ళు. మధ్యలో ఉన్న పదేళ్ళు జబ్బులతో, వైకల్యంతో గడిచే కాలం కింద లెక్క. అయితే అవన్నీ చివర్లోనే ఒక్కసారిగా వస్తాయని కాదు. జీవితమంతా విడతలుగా పరుచుకుని ఉన్నా, బరువు మాత్రం ముసలితనం మీదే ఎక్కువ.

1980లో అమెరికా వైద్యుడు జేమ్స్ ఫ్రైస్ ఒక ఆశ ముందుపెట్టాడు. జబ్బు మొదలయ్యే వయసును వెనక్కి నెట్టగలిగితే, ఆయుష్షు పెద్దగా పెరగకపోయినా మంచాన పడే కాలం కుంచించుకుపోతుందని. ఆ ఆశ కొంతవరకే నెరవేరింది. గుండెపోటు నుంచి బతికించే స్టెంట్లు, డయాలిసిస్ లాంటివి చావును వాయిదా వేశాయి గానీ జబ్బును మాయం చెయ్యలేదు. అంటే జబ్బుతో గడిపే ఏళ్ళు కూడా పెరిగాయి. బీపీ, షుగరు నలభైల్లోనే అదుపులో పెట్టడానికీ, డెబ్బైల్లో ఆపరేషన్లు చెయ్యడానికీ తేడా ఇక్కడే ఉంది. మొదటిది మంచాన పడే కాలాన్ని తగ్గిస్తుంది. రెండోది తరచుగా ఆ కాలాన్ని పొడిగిస్తుంది. బడ్జెట్లలో, ప్రకటనల్లో వెలుగు మాత్రం రెండోదాని మీదే ఉంటుంది.

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రూపాయల వరకు చికిత్స ప్రకటించారు. అది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది. పక్షవాతం వచ్చి ఇంటికొచ్చిన మనిషిని పొద్దున్నే లేపి స్నానం చేయించేవాళ్ళ జీతం అందులో లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక మహిళకు పుట్టే పిల్లల సగటు 2020 నాటికే 1.5కి తగ్గింది. ఉన్న ఒకరో ఇద్దరో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే, ఆ పని చెయ్యాల్సింది డెబ్బై ఏళ్ళ భార్య, లేకపోతే ఏజెన్సీ పంపిన మనిషి.

ఎక్కువకాలం బతకడానికి అయ్యే ఖర్చు

కాల్మాన్ జీవితంలో ఒక లావాదేవీ ఉంది. 1965లో, ఆమెకు 90 ఏళ్ళప్పుడు, 47 ఏళ్ళ లాయరు ఒకాయన ఆమె అపార్ట్‌మెంట్ కొనుక్కున్నాడు. పద్ధతి ఫ్రాన్స్‌లో మామూలే: ఆమె బతికున్నంతకాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇవ్వాలి, పోయాక ఇల్లు ఆయనది. ఆయన 30 ఏళ్ళు కట్టి, 1995లో 77 ఏళ్ళకు చనిపోయాడు. 9 లక్షల ఫ్రాంకులకు పైగా ఇచ్చినా ఒక్కరోజు ఆ ఇంట్లో ఉండలేదు. ఆయన కుటుంబం ఆమె పోయేదాకా కడుతూనే ఉంది.

నవ్వుకోవడానికి బాగున్నా, ప్రతి పింఛను పథకం లోపలి యంత్రాంగం ఇదే. ఎవరు ఎన్నాళ్ళుంటారో తెలియదు. ఒక్కరితో ఒప్పందమైతే జూదం. లక్ష మందితో అయితే త్వరగా పోయినవాళ్ళ డబ్బు ఎక్కువకాలం ఉన్నవాళ్ళకు సరిపోతుంది. ఎల్‌ఐసీ జీవన్ అక్షయ్ లాంటి యాన్యుటీలు (ఒకసారి డబ్బు కడితే బతికున్నంతకాలం పింఛను ఇచ్చే పథకాలు) చేసేది ఈ సర్దుబాటే. మనవాళ్ళకు ఇది నచ్చకపోవడానికి కారణం, ముందే పోతే కట్టిన డబ్బు పోయినట్టు అనిపించడం. తొంభై దాకా ఉంటే డబ్బు అయిపోవడం అనే రెండో ప్రమాదం కళ్ళకు కనబడదు. ఇల్లు తాకట్టు పెట్టి నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్‌ను 2007-08 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించినా పెద్దగా ఆదరణ రాలేదు. ఇల్లు పిల్లలకు ఇవ్వాల్సిందే అన్న పట్టుదల అంత బలమైనది.

అసంఘటిత రంగంలో పనిచేసినవాళ్ళకు ఈ చర్చే లేదు, వాళ్ళకున్నది సామాజిక పింఛను. కేంద్రం 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. మిగతాది రాష్ట్రాలదే. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి 4,000 ఇస్తోంది. తెలంగాణలో 2,016 రూపాయలు 2019లో నిర్ణయించినది. వృద్ధుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పద్దు పెరగక తప్పదు. పన్ను కట్టే వయసువాళ్ళ సంఖ్య అదే వేగంతో పెరగదు. దేశ జనాభాలో 2022లో 10.5 శాతంగా ఉన్న అరవై దాటినవాళ్ళు 2050 నాటికి 20.8 శాతం అవుతారని ఇండియా ఏజింగ్ రిపోర్ట్ 2023 అంచనా. దక్షిణాది రాష్ట్రాలు అంతకన్నా ముందే అక్కడికి చేరతాయి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసిన నేపథ్యం ఇదే. అయితే ఇప్పుడు పుట్టే బిడ్డ పన్ను కట్టడానికి ఇరవై రెండేళ్ళు పడుతుంది. ఈ రెండు దశాబ్దాల వృద్ధుల భారానికి అది జవాబు కాదు.

ఆఖరి రోజుల నిర్ణయాలు

చివరి ప్రశ్న ఐసీయూ తలుపు దగ్గర వస్తుంది. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది రోగి చెప్పలేని స్థితిలో, పిల్లలు తేల్చలేని టెన్షన్‌లో ఉంటారు. అమెరికా నుంచి ఫోనులో ఉన్న కొడుకు "అన్నీ చెయ్యండి" అంటాడు. పక్కనే ఉండి పదిరోజులు చూసిన కూతురు వద్దంటుంది.

దీనికి చట్టంలో దారి ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందస్తు వీలునామాకు అనుమతిచ్చింది. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని కృత్రిమంగా నిలబెట్టే చికిత్స వద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. విషమిచ్చో ఇంజక్షనిచ్చో చంపడానికి మాత్రం అనుమతి లేదు. మొదట్లో దీనిమీద మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, దాంతో దాదాపు ఎవరూ రాయలేదు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. తన తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు అందులో రాయాలి. అమలు చేసేముందు ఆస్పత్రిలో రెండు వైద్య బృందాలు విడివిడిగా ఒప్పుకోవాలి.

కాగితం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా జరిగేది వేరు. "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అంటారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళుతున్నట్టు బంధువుల చేత సంతకం చేయిస్తారు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి పంపిస్తారు. నొప్పి తగ్గించే మార్ఫిన్, ఇంటికొచ్చి చూసే నర్సు దొరికితే ఆ ఇంటికి పోవడం మంచి ముగింపే. తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించేవి) పెట్టడం ఇందుకే. అవి లేనిచోట చివరి మూడు రోజులు కుటుంబానికి నరకం. హైదరాబాద్, విజయవాడ అద్దె ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. చావు జరిగితే ఇల్లు అరిష్టమని యజమానులు ఒప్పుకోరు. దాంతో ఊళ్ళో సొంత గది లేని కుటుంబాలు, చికిత్స అక్కర్లేని మనిషిని కూడా బిల్లు కట్టి ఆస్పత్రిలోనే ఉంచుతాయి. సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో ఈ ఇంటి యజమాని ప్రస్తావన లేదు. ముందస్తు వీలునామా రాసేవాళ్ళు ఏ చికిత్స వద్దో రాయడంతోపాటు, ఆ తర్వాత ఎక్కడ ఉంచాలో, ఎవరు చూసుకోవాలో కూడా ఇంట్లోవాళ్ళతో ముందే తేల్చుకోవాల్సి వస్తోంది.